చారిత్రక నవలా, చారిత్రాత్మక నవలా?

సందేహం: నోరి నరసింహశాస్త్రి గారి ‘నారాయణభట్టు’ను మెచ్చుకుంటూ రాసిన వ్యాసంలో దాన్ని ‘గొప్ప చారిత్రాత్మక నవల’ అన్నాను. ‘చారిత్రక’ అనాలని ఒక మిత్రుడు, ‘చారిత్రిక’ అనాలని మరొకరు అంటున్నారు. ఏది సాధువు?

సమాధానం: మీ సందేహం తీర్చే ఆధారం ఆ నవల నడిచిన కాలంలోనే, అంటే నన్నయ కాలంలోనే దొరుకుతుంది. భారతాన్ని ఎవరెవరు ఏమని కొనియాడుతారో చెప్పే అవతారిక (పీఠిక) పద్యంలో నన్నయ లాక్షణికులను, ఐతిహాసికులను, పౌరాణికులను వరుసగా పేర్కొన్నాడు. లక్షణ, ఇతిహాస, పురాణ శబ్దాలకు ‘ఇక’ ప్రత్యయం చేరి, మొదటి అచ్చుకు వృద్ధి (అ ఆగా, ఇ ఐగా, ఉ ఔగా మారడం) వచ్చి ఏర్పడిన రూపాలివి. ఆ దారిలోనే చరిత్ర శబ్దం ‘చారిత్రిక’ అవుతుంది. వ్యాకరణం ఒప్పే రూపం అదే అయినా, ‘చారిత్రక’ పండితుల రచనల్లో సైతం ఎంతగానో స్థిరపడింది కాబట్టి దాన్ని తప్పుపట్టడం నాకు సమ్మతం కాదు.

‘చారిత్రాత్మక’ సంగతి వేరు. ‘ఆత్మకం’ సమాసంలో ఉత్తరపదంగా వచ్చినప్పుడు పూర్వపదానికి వృద్ధి రాదు. వర్ణనాత్మకం, విమర్శనాత్మకం అన్నట్లే ‘చరిత్రాత్మకం’ అనాలి. సంస్కృతంలో ‘చారిత్ర’ శబ్దం లేకపోలేదు కానీ, దానికి నడవడి అని అర్థం. మీరు ఉద్దేశించింది అది కాదు.

రూపం సరిచేసినా అర్థభేదం మిగిలే ఉంటుంది. గతకాలపు వ్యక్తులను, ఘటనలను ఆధారం చేసుకున్నది చారిత్రకం; చరిత్రలో నిలిచిపోయే ప్రాముఖ్యం గలది చరిత్రాత్మకం. రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ తెలుగు భారతానికి పూనుకోవడం చరిత్రాత్మకం. ఆ కాలాన్ని కథగా మలచిన ‘నారాయణభట్టు’ చారిత్రక నవల. కాకతీయుల కాలానికి చెందిన ‘రుద్రమదేవి’, శ్రీనాథుని గురించిన ‘కవిసార్వభౌముడు’ కూడా ఆ కోవలోనివే. (మనుచరిత్ర, వసుచరిత్రల్లోని ‘చరిత్ర’కు మాత్రం కథ, జీవితం అనే పాత అర్థమే చెప్పుకోవాలి.)

కాబట్టి మీ వాక్యాన్ని ‘గొప్ప చారిత్రక నవల’ అని దిద్దుకోండి. అయితే అంతటి పండితుని నవలను మెచ్చేటప్పుడు ‘గొప్ప’ అనే మాటతో సరిపెట్టవద్దని నా మనవి. భారతయుద్ధంలో అర్జునునికి నారాయణుడు తోడైనట్లు తన సహాధ్యాయి నారాయణభట్టు తనకు తోడయ్యాడని నన్నయ ఒక పద్యంలో కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. ఆ నారాయణభట్టుకే నందంపూడి అగ్రహారాన్ని దానం చేసిన రాజరాజు శాసనాన్ని రచించినవాడూ నన్నయే. ఆ పద్యాన్నీ శాసనాన్నీ ఒకసారి చదివి, తిరిగి నవలను తెరవండి. శాస్త్రిగారు దేనిని చరిత్ర నుంచి గ్రహించారో, దేనిని తమ ఊహతో పూరించారో గమనించి, దాన్ని మీ వ్యాసంలో రాయండి.