తండా బడిలో చెప్పాలంటే డీఎడ్డే దారి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర తండా. ఆటో నడుపుతాను. మా బిడ్డ బీఏ ఫైనలియర్. మా తండా బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పాలని తన ఆశ. ఎస్టీలకు బీఈడీ సీటు ఈజీగా వస్తుంది, డిగ్రీ చదివి మళ్లీ డీఎడ్ ఏంటని చుట్టాలు నవ్వుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: సీటు సంగతి మీ చుట్టాలు చెప్పింది అబద్ధమేం కాదు. డిగ్రీలో 40 శాతం ఉంటే మీ అమ్మాయి బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాయొచ్చు. ఆ పరీక్షలో కనీసం ఇన్ని మార్కులు రావాలన్న నిబంధన కూడా ఎస్టీలకు లేదు. కానీ తండా బడి అంటే ప్రైమరీ స్కూలు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టుకు బీఈడీ చెల్లదు, ప్రైమరీ టీచర్ల కోర్సు డీఎడ్ ఉండాలి. రెండేళ్లు బీఈడీ చదివాక ఈ సంగతి తెలిసి నా దగ్గరికొచ్చి ఏడ్చినవాళ్లు ఉన్నారు. హైస్కూలు, గురుకులాలు, ఏకలవ్య స్కూళ్ల వైపు మనసుంటే బీఈడీ మంచిదే. మీ అమ్మాయి మనసు అక్కడ లేదు కదా.

ఓసారి ఒక తండా బడికి వెళ్లాను. మూడు రోజులు రాని పిల్లాణ్ణి టీచరమ్మ "యాడికి పోయినవ్ రా?" అని అడిగింది. వాడు "పుణె" అన్నాడు. క్లాసంతా నవ్వింది. లంబాడీలో 'యాడి' అంటే అమ్మ అని మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్లమ్మ ఎక్కడికి పోయిందో వాడు చెప్పాడు. టీచరమ్మది తప్పు కాదు, పాపం ఆమెకు ఆ భాష రాదు. మీ అమ్మాయికి వచ్చు. అందుకే చుట్టాలు నవ్వినా డీఎడ్డే చేయించమంటాను.

డీఎడ్ ప్రవేశ పరీక్ష డీసెట్ రాయాలంటే ఇంటర్‌లో ఎస్టీలకు 45 శాతం కావాలి. డిగ్రీ మార్కులు అక్కడ లెక్కలోకి రావు. వెబ్ ఆప్షన్లలో మొదట నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ డైట్లు (డీఎడ్ కాలేజీలు) పెట్టండి. 'రోజూ రాకపోయినా అటెండెన్స్ మేం చూసుకుంటాం' అనే ప్రైవేటు కాలేజీల జోలికి పోకండి. బడిలో పిల్లల ముందు నిలబడి నేర్చుకునేదే ఈ కోర్సులో అసలు చదువు, అదే పోతుంది.

తర్వాత టెట్ పేపర్-1, అంటే ప్రైమరీ టీచర్ అర్హత పరీక్ష. ఎస్టీలకు 150కి 60 వస్తే పాస్. అక్కడితో ఆగొద్దు, టీచర్ పోస్టుల నియామక పరీక్ష డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. ఒక్కో మార్కుకు ర్యాంకు తారుమారవుతుంది. ఏజెన్సీ (గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాలు)లో టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే అన్న 3 నంబర్ జీవోను సుప్రీంకోర్టు 2020లో కొట్టేసింది. ఎలాగూ మీ దేవరకొండ ఏజెన్సీ కాదు. మీ అమ్మాయి లెక్కపెట్టుకోవాల్సింది ఎస్టీల 10 శాతం రిజర్వేషన్.

బీఈడీ ఎక్కడికీ పోదు. స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్‌కు ఎలాగూ కావాలి, ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు. ముందు ఇంట్లో ఇంటర్ మెమో వెతికి, అందులో 45 శాతం ఉందో లేదో చూడండి.