దెబ్బతిన్న అడవిలో పిట్టల లెక్కకు ఒక్క చలికాలం చాలదు

చెట్లు నరికిన వానాడవుల్లో పిట్టల సంఖ్య కాలాన్ని బట్టి బాగా మారుతుందని చదివాననీ, మన కడప జిల్లా లంకమలలో కాలేజీ ప్రాజెక్టుకి ఒక్క చలికాలం లెక్క సరిపోతుందా అనీ అడిగారు. సరిపోదు. మాది బద్వేలు వైపు. ఆ అడవి అంచున ఏళ్లుగా పిట్టలు చూస్తున్నాను కాబట్టి గట్టిగానే చెప్తున్నా.

ముందు వానాడవులున్న పడమటి కనుమల సంగతి. అక్కడ పెద్ద చెట్లు కొట్టేస్తే పైన నీడ పోయి ఎండ నేల దాకా దిగుతుంది. వానల్లో అంతా తడే కాబట్టి తేడా పెద్దగా తెలియదు. ఎండాకాలంలో మాత్రం కొట్టిన చోట రాలిన ఆకులు తొందరగా ఎండి, వాటి కింది పురుగులు తగ్గిపోతాయి. పురుగులు ఏరుకుని బతికే పిట్టలు నీడ మిగిలిన వాగుల పక్కకి జరుగుతాయి. పెద్ద వంకర ముక్కుండే హార్న్‌బిల్ పిట్ట కథ వేరు. గుడ్లు పెట్టే కాలంలో దానికి పెద్ద మాను తొర్ర కావాలి, ఆడపిట్ట అందులోనే మూసుకుని ఉంటుంది. మిగతా నెలల్లో మర్రి, జువ్వి పండిన చోటికల్లా వస్తుంది, కాఫీ తోటల్లోకి కూడా. అప్పుడు లెక్కపెడితే నరికిన అడవి బాగానే ఉందనిపిస్తుంది. అది వచ్చింది తిండికి, కాపురానికి కాదు.

లంకమల వానాడవి కాదు. ఆకురాల్చే చెట్లు, ముళ్ల పొదలు. కట్టెలు కొట్టడం, మేకలు, ఎండాకాలం నిప్పు, ఇవీ దాని బాధలు. కానీ లెక్క తప్పే తీరు అదే. చలికాలంలో ఉత్తరం నుంచి వార్బ్లర్లు, అంటే పురుగులు తినే చిన్న వలస పిట్టలు, దిగుతాయి. మేకలు తిరిగి పాడైన చోట పెరిగిన లాంటానా పొద దగ్గర కాసేపు కదలకుండా నిలబడండి, లోపలినుంచి ‘చక్... చక్’ అని వినిపిస్తుంది, పిట్ట మాత్రం కనపడదు. అది బ్లైత్ రీడ్ వార్బ్లర్. ఏప్రిల్ దాటాక ఆ పొదలో ఆ సద్దే ఉండదు.

ఎండాకాలం మొదట్లో ఒంటరి బూరుగు చెట్టు ఇంకా మోసం చేస్తుంది. ఆకు లేదు, ఒళ్లంతా ఎర్రపూలు. గులాబి గోరింకలు గుంపులుగా వాలి, మొహానికి పుప్పొడి పూసుకుని కొట్టుకుంటుంటాయి. ఆ ఒక్క చెట్టు మీ పట్టికలో పాడైన అడవిని మంచి అడవి కంటే పైకి తీసుకుపోతుంది. పూలు రాలాక మళ్లీ వెళ్లి చూడండి.

చెవితో లెక్కపెట్టేటప్పుడూ జాగ్రత్త. కోకిల ఏడాదంతా ఇక్కడే ఉంటుంది, ఉగాది ముందునుంచే మనకు వినిపిస్తుంది. కూయని నెలల్లో అది లేదని రాసేస్తాం.

ఇంకో మాట. దెబ్బతినడం అంతా ఒకటే కాదు. అంతరించిపోయిందనుకున్నాక 1986లో మన జిల్లాలోనే మళ్లీ దొరికిన కలివికోడి అనే అరుదైన పిట్టకి పొదల మధ్య ఖాళీ నేల కావాలి. పొదలు పూర్తిగా కొట్టేసినా, బాగా చిక్కబడినా దానికి కష్టమే. అందుకే ప్రతి చోటా ఏం జరిగిందో, కోతా, మేతా, నిప్పా, విడిగా రాసుకోండి.

డిసెంబరులో ఒకసారి, మండుటెండలో ఒకసారి, తొలకరి తర్వాత ఒకసారి అదే దారిన, పొద్దున అవే గంటల్లో నడవండి. వలస పిట్టలకు పట్టికలో వేరే వరస పెట్టండి. నోట పుల్లతోనో పురుగుతోనో పోతున్న పిట్ట కనిపిస్తే తప్పకుండా రాసుకోండి, అది అక్కడ గూడు కడుతోందనో పిల్లల్ని పెంచుతోందనో అర్థం కావచ్చు. ఆ గుర్తులే నాకైతే సంఖ్యల కంటే ముఖ్యం. అభయారణ్యం లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, ఆ దరఖాస్తు ఇప్పుడే పెట్టేయండి.