కో-ఆప్ జీతంతో అమెరికా ఫీజు తీరుతుందా? నా అనుభవం

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగాడు. అమెరికాలో ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. మెకానికల్ సీటు వచ్చిందట. కొన్ని నెలలు చదువు, కొన్ని నెలలు జీతంతో కంపెనీలో పని, మళ్లీ చదువు. ఆ జీతంతోనే ఫీజు తీరిపోతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారట. రొయ్యల గుంట చేసే వాళ్ల నాన్నగారు ఇంటి కాగితాలు బ్యాంకులో పెడతానంటున్నారు, పెట్టనివ్వొచ్చా అని.

తమ్ముడూ, ఫీజు తీరదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఈ పద్ధతి మంచిదే, నాకు చాలా మేలు చేసింది. కానీ ఆ జీతాన్ని నమ్ముకుని అప్పు చేస్తే మీ ఇంట్లో వాళ్లకి నిద్ర ఉండదు.

మాది టంగుటూరు పక్కన పల్లె, నాన్నది పొగాకు. ఒంగోలులో బీటెక్ చేసి, బోస్టన్‌లో ఇలాంటి యూనివర్సిటీలోనే ఎం.ఎస్. చదివాను. ఈ చదువూ పనీ పద్ధతిని అక్కడ కో-ఆప్ అంటారు. 1906లో సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసర్ మొదలుపెట్టాడు. ప్రైవేట్ యూనివర్సిటీల్లో నార్త్ఈస్టర్న్ 1909లో, డ్రెక్సెల్ 1919లో అందుకున్నాయి. కాబట్టి ఇది మోసమేమో అన్న భయం నీకు అక్కర్లేదు.

డబ్బు దగ్గరికి వద్దాం. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద బయటి కంపెనీలో ఇలా పనిచేయాలంటే సీపీటీ అనే అనుమతి కావాలి. అది మామూలుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాకే వస్తుంది. అంటే మొదటి రెండు సెమిస్టర్ల ఫీజు, అద్దె, తిండి అంతా ఇంటి నుంచే. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్ లోపల వారానికి 20 గంటల వరకు పని చేసుకోవచ్చు. నేను లైబ్రరీలో చేశాను, ఆ డబ్బు సరుకులకి సరిపోయింది, అంతే.

మాకు బాగా కష్టమైంది జనవరి ఫీజు. పొగాకు వేలం మొదలయ్యేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. జనవరిలో ఆకు ఇంకా చేలో, ఆరబెట్టే బ్యారన్‌లో ఉంటుంది, చేతిలో రూపాయి ఉండదు. నాన్న రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పంపాడు. ఆ సంగతి ఆరు నెలల తర్వాత గానీ అమ్మ నాకు చెప్పలేదు. అందుకే చెబుతున్నా, మీ గుంటలో రొయ్యలు పట్టేది ఎప్పుడో, ఫీజు గడువు ఎప్పుడో రెండూ పక్కపక్కన రాసి నాన్నగారికి చూపించు.

ఇంకో మాట. ఉద్యోగం యూనివర్సిటీ ఇవ్వదు. ఖాళీల జాబితా చూపిస్తుంది, రెజ్యూమె దిద్దిపెడుతుంది, ఇంటర్వ్యూ మనమే గెలవాలి. నేను 143 అప్లికేషన్లు పెడితే ఏడు ఇంటర్వ్యూలు వచ్చాయి, ఒక్కటి కుదిరింది. నాతో గదిలో ఉన్న ఒంగోలు అమ్మాయికి ఒక్కటీ కుదరలేదు. నాకంటే బాగా చదివేది. ఆ ఆరు నెలలూ తను క్లాసులకే ఫీజు కట్టుకుంది.

నాకు దొరికింది గోడౌన్లలో సరుకు మోసే రోబోలు తయారుచేసే కంపెనీ. గంటకు 28 డాలర్లు, వారానికి 40 గంటలు, ఆరు నెలలు. పన్నులు కోయకముందు మొత్తం 29 వేల డాలర్ల పైచిలుకు. పన్నులు, అద్దె, రైలు పాస్, తిండి పోగా మిగిలింది సుమారు 15 వేలు. నా ట్యూషన్ మొత్తం 55 వేలు. అంటే నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ. అది చిన్న డబ్బు కాదు, దాంతో ఆ వడ్డీ అప్పు తీర్చేశాం. కానీ బ్యాంకు లోను అలాగే ఉంది.

మొదటి పే స్లిప్ జాగ్రత్తగా చూసుకో. ఎఫ్-1 విద్యార్థులకు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను (అక్కడి పెన్షన్, వైద్య పథకాల కోసం జీతంలో కోసేది) ఉండదు. అది జీతంలో 7.65 శాతం. నాకు పొరపాటున కోశారు, అడిగితే వెనక్కి వేశారు. భారతీయ విద్యార్థులకు రెండు దేశాల పన్ను ఒప్పందం వల్ల స్టాండర్డ్ డిడక్షన్ కూడా వస్తుంది, అంటే ఆదాయంలో కొంత భాగం మీద పన్ను పడదు.

సీపీటీలో ఫుల్ టైమ్ పని 12 నెలలు నిండనివ్వకు. నిండితే చదువయ్యాక పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ పోతుంది. నేను ఆరు నెలల కో-ఆప్, మూడు నెలల సమ్మర్ పనితో ఆపేశాను. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే కాగితం మీద పని మొదలయ్యే తేదీ ఉంటుంది, దానికి ఒక్క రోజు ముందు కూడా పనిలోకి దిగకు. మా మేనేజర్ వారం ముందే రమ్మన్నాడు. భయపడుతూనే కుదరదని చెప్పాను. ఆయన ఏమీ అనుకోలేదు.

అయితే నేనెందుకు మంచిదంటున్నానంటే, రెండో నెలలో నేను గీసిన బ్రాకెట్ డ్రాయింగ్ పట్టుకుని మెషిన్ షాపు పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. బోల్టు దూరే మామూలు రంధ్రానికి ఇంత బిగుతు టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) ఎందుకు పెట్టావు, దీనికోసం రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి తెచ్చే రీమర్ వాడాలి, అదనంగా సగం రోజు పడుతుంది అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. బీటెక్‌లో చూసిన అంకె వేశాను, అంతే. ఆ రోజు ఆయన పక్కనే నిలబడి, ఏ కొలత ఎందుకు ముఖ్యమో, ఏది వదిలేసినా పర్వాలేదో నేర్చుకున్నాను. మళ్లీ క్లాసుకి వెళ్లాక అదే పాఠం వచ్చింది. ఈసారి ప్రొఫెసర్‌ని ప్రశ్నలు అడిగింది నేనే. చదువు మధ్యలో పని రావడం వల్లే అలా జరిగింది, చివర్లో వచ్చి ఉంటే అడగడానికి క్లాసే ఉండేది కాదు.

ఇక ఇంటి కాగితాల సంగతి. కో-ఆప్ జీతం సున్నా అనుకుని లెక్క వెయ్యి. అలా వేసినా నాన్నగారు తట్టుకోగలిగితే వెళ్లు. తట్టుకోలేకపోతే ఈ ఏడు ఆగి, స్కాలర్‌షిప్ ఇచ్చే చోటికి మళ్లీ అప్లై చెయ్యి. కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన లెక్క కాగితం ఉంటే ఇక్కడ పెట్టు, ఒక్కో వరసా చూసి చెబుతాను.