గోదురుకప్ప నోటితో నీళ్లు తాగదు కదా, మరి దాహం ఎలా తీర్చుకుంటుంది?

చర్మంతో. అదీ ఒళ్లంతా సమానంగా కాదు. పొట్ట అడుగున, వెనక కాళ్ల మధ్య చర్మం పల్చగా, రక్తనాళాలతో నిండి ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గితే కప్ప ఆ భాగాన్ని తడి నేలకు అదిమిపెట్టి కూర్చుంటుంది. వాసోటోసిన్ అనే హార్మోన్ ప్రభావంతో అక్కడి చర్మకణాల పైపొరకు అక్వాపోరిన్లనే నీటి దారులు చేరతాయి. ఒంట్లోని ద్రవాల్లో లవణాలు ఎక్కువ కాబట్టి ఆస్మాసిస్ వల్ల, అంటే లవణాలు తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకు నీరు కదిలే తీరు వల్ల, నీరు లోపలికొస్తుంది, రక్తం దాన్ని వెంటనే మోసుకుపోతుంది.

నాకు అన్నిటికన్నా అద్భుతంగా అనిపించేది వేరే ఉంది: ఆ చర్మం ఉప్పును కూడా పసిగడుతుంది! నీళ్లు మరీ ఉప్పగా ఉంటే కప్ప అక్కడి నుంచి కదిలిపోతుంది, లేకపోతే ఒంట్లో నీరే బయటికి పోతుంది. మూత్రాశయంలోని పల్చటి మూత్రం కూడా దానికి నిల్వ నీరే. తడి దొరకనప్పుడు దాన్నే మళ్లీ రక్తంలోకి లాక్కుంటుంది.