ఎత్తులన్నా, లోతు నీళ్లన్నా భయపడేవారు సాహస క్రీడలు ఎలా మొదలుపెట్టాలి?

ట్రెక్కింగ్, రాక్ క్లైంబింగ్, కయాకింగ్ వంటివి చేయాలని ఎంతో కోరిక ఉన్నా రోజు దగ్గరపడేసరికి భయం వేసి మానుకుంటున్నానని, ముందుగా ఆ భయాన్ని పోగొట్టుకునే మార్గమూ, ఉత్సాహాన్ని నిలబెట్టుకునే మార్గమూ చెప్పమని మీరు అడిగారు. ఎత్తు చూస్తే కాళ్లు వణికే మనిషిని, లోతు నీళ్లంటే అంతకంటే ఎక్కువగా జంకే మనిషిని నేను. అయినా కొన్నేళ్లుగా బండరాళ్లు ఎక్కుతున్నాను, కయాక్ నడుపుతున్నాను కనుక నాకు తెలిసినది చెబుతాను. మీ ప్రశ్నలోని "ముందుగా" అన్న షరతును మాత్రం పక్కన పెట్టండి. నా విషయంలో భయం ఏనాడూ ముందు పోలేదు. కొన్నిసార్లు పని చేస్తుండగా తగ్గింది, కొన్నిసార్లు పని పూర్తయ్యాక తగ్గింది, కొన్ని చోట్ల ఇప్పటికీ అలాగే ఉంది.

వెళ్లవలసిన ముందురోజు రాత్రి ఏదో ఒక సాకు చెప్పి మానుకోగానే ఎంత హాయిగా ఉంటుందో నాకు బాగా తెలుసు. చిక్కంతా ఆ హాయితోనే వస్తుంది. తప్పించుకున్న ప్రతిసారీ మనసుకు ఊరట దక్కుతుంది కాబట్టి, తప్పించుకోవడమే సరైన పని అని అది నేర్చుకుంటుంది. మరుసటిసారి భయం ఇంకాస్త ముందుగా, ఇంకాస్త గట్టిగా వస్తుంది. దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలును చూస్తే భయపడే ఒక చిన్నపిల్లవాడికి ఇష్టమైన తినుబండారం ఇస్తూ, ఆ కుందేలును రోజుకు కొంత చొప్పున దగ్గరకు తెచ్చి, చివరకు వాడు దాన్ని చేత్తో నిమిరే స్థితికి తీసుకువచ్చిన వైనాన్ని 1924లోనే ప్రచురించారు. భయాలకు నేటికీ ఇచ్చే చికిత్సలో ప్రధానమైన భాగం ఇదే: తట్టుకోగలిగినంత మోతాదులో, మళ్లీ మళ్లీ, ఎదురుపడటం.

అయితే "ధైర్యం చేసి ఒక్కసారి దూకెయ్" అని స్నేహితులు ఇచ్చే సలహా దీనికి సరిగ్గా వ్యతిరేకం. దూకినవాడికి కళ్లు మూసుకున్న ఆ రెండు క్షణాలు తప్ప ఏమీ గుర్తుండదు, నేర్చుకున్నదీ తక్కువే. నాకు బాగా పనికివచ్చినది, బయలుదేరే ముందు ఒక కాగితం మీద నేను ఏం జరుగుతుందని భయపడుతున్నానో స్పష్టంగా రాసుకోవడం. "ఏదో అవుతుంది" అని రాస్తే లాభం లేదు. "తాడు తెగుతుంది", "చేతులు పట్టు తప్పుతాయి", "అందరి ముందు ఏడుస్తాను" అని విడివిడిగా రాయాలి. అలా రాస్తే ప్రతి భయానికీ వేరే జవాబు ఉందని తెలుస్తుంది. తాడు గురించిన భయానికి సమాచారం చాలు: క్లైంబింగ్‌లో తాడును తగిలించే లోహపు కొక్కెం, అంటే సాధారణ రకం కారబైనర్, ప్రమాణాల ప్రకారం, దాని పొడవు దిశలో కనీసం 20 కిలోన్యూటన్ల బలాన్ని, అంటే సుమారు 2,000 కిలోల బరువును, తట్టుకోవాలి. చేతుల గురించిన భయానికి అభ్యాసం కావాలి. ఏడుస్తానన్న భయానికి మంచి తోడు ఉంటే చాలు. తిరిగి వచ్చాక ఆ కాగితాన్ని మళ్లీ చదివి, రాసినవాటిలో నిజంగా జరిగినవాటి పక్కన టిక్కు పెట్టండి. అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య ఉన్న తేడా కళ్లెదుట కనబడినప్పుడే మనసు తన లెక్క మార్చుకుంటుంది.

ఎత్తు విషయంలో మరొకటి తెలుసుకోవడం నాకు చాలా ఊరటనిచ్చింది. మనం నిలకడగా నిలబడటానికి చెవిలోని సమతౌల్య వ్యవస్థ, కండరాల స్పర్శజ్ఞానంతో పాటు చూపు కూడా సాయపడుతుంది; చుట్టూ దగ్గరలో కదలని వస్తువులేవీ లేనప్పుడు చూపు నుంచి వచ్చే ఆ సాయం తగ్గి, ఒళ్లు నిజంగానే కాస్త ఎక్కువగా ఊగుతుంది. అంటే, లోయ అంచున తల తిరగడం పిరికితనానికి గుర్తు కాదు, అది శరీర ధర్మం. అప్పుడు దూరంగా లోయలోకి చూడకుండా దగ్గరలోని రాయి మీదనో చెట్టు మీదనో చూపు నిలపండి, ఒక చెయ్యి దేనికైనా ఆనించండి, అవసరమైతే కూర్చోండి. ఎక్కుతుండగా కాలు కుట్టుమిషన్ సూదిలా టకటకా కొట్టుకుంటే, మునివేళ్ల మీద బిగుసుకున్న పిక్కను వదులు చేసేలా మడమను కిందికి దించండి. చాలాసార్లు ఆ వణుకు అక్కడికక్కడే ఆగుతుంది.

నీళ్ల భయం నాకు వదిలిన తీరు ఇంకా విచిత్రమైనది. కయాక్ బోల్తా పడుతుందేమోనన్న భయంతో బిగుసుకుపోయి కూర్చునేవాణ్ని. బిగుసుకున్నవాడి పడవే త్వరగా బోల్తా పడుతుంది. నాకు నేర్పిన ఆయన తెడ్డు వేయడం నేర్పడానికి ముందే, నడుము లోతు నిశ్చలమైన నీటిలో, తాను పక్కనే నిలబడి, కావాలని పడవను తిరగేయించారు. తలకిందులయ్యాక ముందుకు వంగాలి, ఒడిని కప్పి ఉంచే స్ప్రే స్కర్ట్ పట్టీని లాగాలి, రెండు చేతులతో పడవను తోసి బయటపడాలి. కొన్ని సెకన్ల పని. మొదటిసారి ముక్కు నిండా నీళ్లు పోయి ఉక్కిరిబిక్కిరయ్యాను, కానీ దేని గురించి అన్నాళ్లూ నిద్ర చెడగొట్టుకున్నానో అది అప్పటికే జరిగిపోయింది. అందుకే ఏ క్రీడకైనా నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఇందులో నేను భయపడే సంఘటనను భద్రమైన చోట, చిన్న మోతాదులో, కావాలని జరిపించుకునే వీలుందా? రాక్ క్లైంబింగ్‌లో ఉంది: పైనుంచి తాడు కట్టి ఉండగా, నేలకు మరీ దగ్గర కాని ఎత్తులో చేతులు వదిలేసి, తాడుకు వేలాడి చూడవచ్చు.

అమెరికన్ క్లైంబర్ అలెక్స్ హొనాల్డ్ 2017 జూన్ 3న అమెరికాలోని సుమారు 900 మీటర్ల ఎల్ కాపిటన్ శిలను తాడు లేకుండా ఎక్కిన సంగతిని ధైర్యానికి ఉదాహరణగా చాలామంది చూపిస్తారు. నాకు మాత్రం అందులో కనిపించేది సాధన. అదే దారిని ఆయన తాడు కట్టుకుని పదేపదే ఎక్కి, కష్టమైన చోట్ల ఏ వేలు ఎక్కడ పెట్టాలో కంఠస్థం చేసుకున్నారు. తాడు విప్పి ఎక్కడం మనకు అక్కరలేదు, అనుకరించనూ కూడదు. ఆ సాధన పద్ధతి మాత్రం మనలాంటి వారికీ పనికివస్తుంది.

ఇక ఉత్సాహం మాట. ఇతరుల ఫోటోలు చూసి పుట్టే ఉత్సాహం వారాంతం వరకు నిలవదు, దాని కోసం ఎదురుచూడకండి. తేదీ ఖరారు చేసుకోండి, మీకంటే కొద్దిగా మాత్రమే అనుభవం ఎక్కువ ఉన్న తోడును వెతకండి. మరీ ఆరితేరినవారికి మన భయం గుర్తే ఉండదు. "మొదటి మలుపు వరకు వెళ్తాను, అక్కడ నిర్ణయించుకుంటాను" అని ముందే చెప్పుకోండి. వెనుదిరిగే హక్కు మన చేతిలో ఉందని తెలిస్తే అడుగు తేలికగా పడుతుంది. మొదటి మలుపు చేరాక వెనక్కి వచ్చిన సందర్భాలు నాకూ ఉన్నాయి, కానీ తక్కువ.

కొన్ని భయాల మాట మాత్రం తప్పక వినాలి. మెరుపు కనబడిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పడగల మబ్బు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్లు. అప్పుడు శిఖరం ఎంత దగ్గరలో ఉన్నా దిగిపోవాలి. నది రంగు మారి నీరు పెరుగుతున్నా, నేర్పేవారు మీ హార్నెస్ (నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీలు) ముడిని చేత్తో తడిమి చూడకుండానే "పద పద" అంటున్నా, ఆగిపోవడం పిరికితనం కాదు. మీ భయాన్ని ఎగతాళి చేసే శిక్షకుడి దగ్గర నేర్చుకోకండి. అలాంటి చోట "నాకు ముడి సరిగ్గా పడలేదేమో" అని అడగడానికి కూడా మనిషి సిగ్గుపడతాడు. ఇంట్లో కూర్చుని ఎత్తు గురించి తలచుకున్నా ఊపిరాడనంత ఇబ్బంది కలుగుతుంటే, ఈ ప్రయత్నాలను ఒంటరిగా చేయకుండా మనస్తత్వ నిపుణుల సాయంతో మొదలుపెట్టండి.