రెండో తరగతి పిల్లాడికి బంతి పట్టడం రాకపోతే

బాబు రెండో తరగతి, బంతి పట్టలేడు, ఒంటికాలి మీద గెంతలేడు, తోటి పిల్లలు ఆటలో చేర్చుకోవట్లేదు అని రాశారు. వయసొస్తే అదే వస్తుందా, క్రికెట్ కోచింగ్‌లో వేయాలా అని అడిగారు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చిన్న తరగతులకు చెప్పే టీచర్‌ని నేను. నా అనుభవంలో తెలిసింది చెప్తాను.

దానంతట అది రాదండీ. అక్షరాలు దిద్దించినట్టే ఇదీ దిద్దించాలి. నడక, పరుగు వయసుతో వచ్చేస్తాయి. పట్టడం, విసరడం, తన్నడం, గెంతడం మాత్రం ఎవరో ఒకరు ఆడిస్తేనే కుదురుతాయి. మా చిన్నప్పుడు వీధిలో అక్కలూ అన్నలే ఆ పని చేసేవారు. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలు, ఏడుపెంకులాటలో గురి, నేలాబండలో దూకడం అన్నీ అలా వచ్చేసేవి. బళ్లో పీఈటీ సార్ ఉంటారు కదా అనుకుంటారు చాలామంది. 2009 విద్యాహక్కు చట్టం వ్యాయామ బోధకుణ్ణి పెట్టమన్నది ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ వందమందికి పైగా పిల్లలుంటే. ప్రైమరీకి ఆటస్థలం, ఆటవస్తువులు ఉండాలంది గానీ ఆడించే మనిషి ఊసెత్తలేదు. నేర్చుకునే వయసేమో ఇదే. నాకు బాధ కలిగించే విషయం ఇది.

బాబు బంతి పట్టేటప్పుడు దగ్గర్నుంచి గమనించండి. బంతి వస్తుంటే మొహం పక్కకి తిప్పి, కళ్లు మూసుకుని, చేతులు బిగబట్టి చాస్తున్నాడా? తగులుతుందన్న భయం అది. టెన్నిస్ బంతి కొన్నాళ్లు దాచేయండి. బెలూన్‌తో మొదలుపెట్టండి, మెల్లగా దిగుతుంది కాబట్టి చూపు దాని మీదే నిలుస్తుంది. ఆ తర్వాత పాత గుడ్డలు చుట్టి కట్టిన పెద్ద బంతి, రెండడుగుల దూరం నుంచి, పొట్ట ఎత్తుకి వేయండి. మొదట్లో గుండెకి హత్తుకుని పడతాడు, పట్టనివ్వండి. అరచేతులతోనే అందుకోవడం మొదలయ్యాక దూరం పెంచి, చిన్న బంతికి మారండి.

విసరడం కూడా చూడండి. కుడిచేత్తో విసిరే పిల్లలు చాలామంది కుడికాలే ముందుకేస్తారు. నడుము తిరగదు, బంతికి బలం అందదు. నోటితో ఎంత చెప్పినా ఎక్కదు. నేల మీద సుద్దతో ఎడమ పాదం బొమ్మ గీసి "దీని మీద అడుగేసి విసురు నాన్నా" అనండి, వాడే సర్దుకుంటాడు. గెంతడానికి ముందు గోడ ఆసరా, తర్వాత మీ చెయ్యి, ఆ తర్వాతే తొక్కుడుబిళ్ళ గళ్లు. ఒకసారి కుడికాలితో, ఒకసారి ఎడమకాలితో గెంతించండి.

కోచింగ్ ఇప్పుడే వద్దంటాను. అక్కడ తన వంతు కోసం నిలబడటమే ఎక్కువ. ఔటైతే కూర్చోబెట్టే ఆటలూ అంతే. కుర్చీలాటలో మొదట బయటికొచ్చేది ఆట ఎక్కువ అవసరమైన పిల్లాడే! మా తరగతిలో ఔటైనవాళ్లు పక్కన ఐదుసార్లు గెంతి మళ్లీ ఆటలోకి రావచ్చు. పక్కింటి పిల్లల్ని పిలిచి ఇలా మీరే ఆడించండి, చేర్చుకోకపోవడమన్న సమస్య కూడా తగ్గుతుంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒకేసారి గంట కానక్కర్లేదు, విడతలుగా ఆడించినా సరే.

ఒక్క విషయంలో మాత్రం ఆగకండి. నేల మీంచి లేచేటప్పుడు చేతులతో తొడలు పట్టుకుని పైకి లేస్తున్నా, ఒకవైపు కాలూ చెయ్యీ బలహీనంగా ఉన్నా, ఇంతకుముందు చేసింది ఇప్పుడు చేయలేకపోతున్నా వెంటనే పిల్లల డాక్టరుకి చూపించండి. కళ్లూ పరీక్ష చేయించండి. కొన్ని నెలలు రోజూ ఆడించినా, చొక్కా గుండీలు పెట్టుకోవడం, రాయడం లాంటి పనుల్లో కూడా వెనకబడే ఉంటే అది కదలికల సమన్వయ లోపం కావచ్చు. బడి పిల్లల్లో నూటికి ఐదారుగురికి ఉంటుంది, తెలివితేటలకూ దానికీ సంబంధం లేదు. రోజువారీ పనులు సాధన చేయించే చికిత్స, అంటే ఆక్యుపేషనల్ థెరపీతో మెరుగుపడతారు. ప్రభుత్వ బడి అయితే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) వైద్య బృందం వచ్చినప్పుడు ఈ సంగతులన్నీ చెప్పండి, అవసరమైతే వాళ్లే జిల్లాలోని పిల్లల చికిత్స కేంద్రానికి పంపుతారు.