ఫ్రిజ్ మోగుతోందంటే కంప్రెసర్ పోయినట్టేనా?

మీది ఆరేళ్ల డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్. వారం నుంచి రాత్రిళ్లు గర్రుమంటోంది, చల్లదనం మాత్రం బాగానే ఉంది. వచ్చిన మెకానిక్ కంప్రెసర్ మార్చాలని 9,000 చెప్పాడు, ఇంట్లో మనమే ఏమైనా చూసుకోవచ్చా అని అడిగారు. చూసుకోవచ్చండి. మీరు రాసినదాన్ని బట్టి నాకైతే అది కంప్రెసర్ అనిపించడం లేదు. రెండేళ్ల కిందట హైదరాబాద్ నల్లకుంటలో మా ఇంట్లో అచ్చం ఇదే జరిగింది, నాకూ అదే మాట చెప్పారు.

ఏప్రిల్ నెల. హాల్లో పడుకున్న మా అత్తమ్మ రాత్రి రెండింటికి నన్ను లేపి "పక్కింట్లో ఎవరో పిండి మర పెట్టినట్టున్నారు" అంది. వెళ్లి చూస్తే మా ఫ్రిజ్జే. మర్నాడు వచ్చినతను వెనక్కి వంగి ఒక చెవి పెట్టాడు, లేచి "కంప్రెసర్ ఖతమ్, మేడమ్" అన్నాడు. అర నిమిషం పట్టలేదు. ఒక్క స్క్రూ కూడా విప్పకుండా అంత పెద్ద మాట అనేసరికి నాకు అనుమానం వచ్చింది, ఆలోచించి చెప్తానని పంపించేశాను.

ముందు ఫ్రిజ్ మీదున్నవన్నీ దించేయండి. నవ్వకండి, మా ఇంట్లో సగం మోత అక్కడిదే. అత్తమ్మ పేర్చిన స్టీలు మూతలు, పళ్లెం, పాత స్టెబిలైజర్, అన్నీ కలిసి భజన చేస్తున్నాయి. అవి దించాక మిగిలినదే అసలు శబ్దం.

ఇప్పుడు మోత వస్తుండగా ఫ్రీజర్ తలుపు తీయండి. ఆగిపోయిందా? అయితే అది కంప్రెసర్ కాదు. తలుపు తీసినంత మాత్రాన కంప్రెసర్ ఆగదు. ఆగేది ఫ్రీజర్ వెనక గోడలో ఉండే చిన్న ఫ్యాన్. చల్లగాలి బయటికి పోకుండా తలుపు తీయగానే దాన్ని ఆపేసే స్విచ్ ఒకటి ఉంటుంది. తలుపు చట్రం దగ్గర చిన్న బటన్ లాంటిది కనిపిస్తుంది, కొన్నింటిలో కింది తలుపు దగ్గరుంటుంది. తలుపు తీసి ఉంచి ఆ బటన్‌ని వేలితో నొక్కి పట్టుకోండి. తలుపు మూసేశారనుకుని ఫ్యాన్ మళ్లీ తిరుగుతుంది. నేను నొక్కితే ఒక్క క్షణం ఏమీ లేదు, తర్వాత టక టక టకమని మొదలై గర్రుమనే దాకా వెళ్లింది. చిన్నప్పుడు సైకిల్ చువ్వల మధ్య అట్టముక్క పెట్టి తొక్కేవాళ్లం చూడండి, సరిగ్గా ఆ చప్పుడు. వేలు తీస్తే నిశ్శబ్దం. మూడుసార్లు నొక్కి చూశాను, మూడుసార్లూ అంతే. కొత్త మోడళ్లలో బటన్ బదులు అయస్కాంతం స్విచ్ ఉంటుంది, అది వేలికి దొరకదు. వాటిలో తలుపు తీస్తే ఆగుతోందా, మూశాక మళ్లీ వస్తోందా అన్నదే గుర్తు.

ఫ్యాన్ రెక్కలకి తగులుతున్నది మంచు. ఫ్రాస్ట్ ఫ్రీ అంటే మంచు అసలు పట్టదని కాదు, పట్టిన మంచుని ఫ్రిజ్ తనే కరిగించుకుంటుందని. వెనక గోడలో దాగిన కాయిల్ (చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద మంచు పేరుకుంటూ ఉంటుంది, కొన్ని గంటలకోసారి దాని కింది హీటర్ వెలిగి కరిగిస్తుంది, ఆ నీళ్లు సన్న గొట్టం గుండా కంప్రెసర్ పైనుండే ట్రేలోకి దిగి ఆ వేడికి ఆవిరైపోతాయి. ఈ వరసలో ఏది చెడినా మంచు మిగిలిపోతుంది, పెరిగి పెరిగి ఫ్యాన్‌ని ముట్టుకుంటుంది. గొట్టం మూసుకుపోవచ్చు, హీటర్ వెలగకపోవచ్చు, లేదా డోర్ రబ్బరు వదులై తేమ గాలి లోపలికి వస్తుండొచ్చు. రబ్బరు సంగతి పది రూపాయల నోటుతో తేలిపోతుంది. నోటు సగం బయటికి ఉండేలా తలుపు మూసి లాగండి. బిగువుగా వస్తే సరే, జారిపోయిన చోట రబ్బరు పట్టడం లేదన్నమాట. నాలుగు వైపులా చూడండి, ముఖ్యంగా కింది మూలల్లో.

మంచు కరిగించడానికి ప్లగ్ పీకి రెండు తలుపులూ తెరిచి ఒక రోజంతా వదిలేయాలి. మూడు గంటల్లో అయిపోయిందనిపిస్తుంది, నమ్మకండి, బయటి మంచు పోయినా గోడ వెనకది అలాగే ఉంటుంది. కింద పాత తువ్వాళ్లు పరవండి. తొందరైతే లోపల వేడినీళ్ల గిన్నె పెట్టండి, అంతేకానీ చాకుతో, స్క్రూడ్రైవర్‌తో గోకొద్దు. కాయిల్‌కి చిన్న బెజ్జం పడిందా, చల్లబరిచే గ్యాస్ అంతా పోతుంది. పైగా ఈ మధ్య ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్600ఏ గ్యాసే వాడుతున్నారు, దానికి మంటంటుకునే గుణం ఉంది. మా పాలు, పెరుగు, ఇడ్లీ పిండి పై వాటాలో ఉండే ఆంటీ ఫ్రిజ్‌లో పెట్టాం. ఆ పిండి అక్కడ పొంగి రెండు అరలు తడిపింది, ఆ కథ వేరే.

అంతా కరిగాక, ప్లగ్ పీకే ఉంది కదా అని మరోసారి చూసుకుని, ఫ్రీజర్ వెనక ప్యానెల్ రెండు స్క్రూలు విప్పాను. కాయిల్ కింద మధ్యలో చిన్న రంధ్రం కనిపించింది. సూది లేని సిరంజీతో గోరువెచ్చటి నీళ్లు అందులోకి కొట్టాను. మొదట పైకే తన్నాయి. నాలుగోసారికి లోపల ఏదో వదిలినట్టయి, కింద ట్రేలో టప్ టప్‌మని చుక్కలు పడ్డాయి. మీకు ప్యానెల్ విప్పే ధైర్యం లేకపోతే వదిలేయండి, కరిగించడం ఒక్కటే చేసి చూడండి. ఆ రాత్రి ఫ్రిజ్ పెడితే పిల్లి నడిచినంత చప్పుడు కూడా లేదు.

పన్నెండు రోజులకి మళ్లీ గర్ర్.

ఇలా తిరిగొస్తే మంచు కరిగించే ఏర్పాటే పనిచేయడం లేదని అర్థం, ఇక్కడ మాత్రం మెకానిక్ కావాలి. ఈసారి తెలిసినవాళ్లు చెప్పిన ఒక పెద్దాయన్ని పిలిచాను. ఆయన కంప్రెసర్ వైపే చూడలేదు. ప్యానెల్ విప్పి, కాయిల్‌కి తగిలించి ఉన్న బొత్తాం అంత బైమెటల్ స్విచ్‌కి, కరెంటు దారి కలిసిందో లేదో చూసే మీటరు పెట్టాడు. చలి తగిలితే ఆ స్విచ్ కలుసుకుని హీటర్‌కి కరెంటు వదలాలట, వేడెక్కితే విడిపోవాలట. కాయిల్ మంచులోనే కూర్చుని ఉన్నా మీటరు పలకలేదు. తన సంచిలోంచి కొత్తది తీసి అదే మంచుకి ఆనించి పట్టుకున్నాడు. కాసేపటికి మీటరు కుయ్యిమంది. "చూసిన్రా అమ్మా, గిదే రోగం" అన్నాడు. సామానుకి, కూలికి కలిపి 750 తీసుకున్నాడు.

ఇక తలుపు తీసినా మోత ఆగక, వెనక కిందినుంచే వస్తుంటే? అప్పుడూ కంప్రెసర్ దాకా వెళ్లేముందు చూడాల్సినవి ఉన్నాయి. ట్రేని చేత్తో నొక్కండి, ఆగితే అది వదులైంది. రాగి గొట్టాలు ఒకదానికొకటి గానీ, రేకుకి గానీ తగులుతున్నాయేమో చూడండి. ఫ్రిజ్ ఆపి చల్లారాక మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క పెడితే చాలు, వంచొద్దు. కంప్రెసర్ కాళ్ల కింది రబ్బరు బుష్‌లు ఏళ్లు గడిస్తే గట్టిపడతాయి, మార్చినా పెద్ద ఖర్చు కాదు. మన పాత ఇళ్లలో షాబాదు బండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి ముందు కాళ్ల స్క్రూలు తిప్పి ఫ్రిజ్ ఊగకుండా చేయండి. ముందువైపు ఒక పిసరు ఎత్తుంటే తలుపు దానంతటదే మూసుకుంటుంది.

ఒక్క శబ్దానికి మాత్రం భయపడాలి. కాసేపు మ్‌మ్‌మని మూలిగి, టక్కుమని ఆగి, కొన్ని నిమిషాలకి మళ్లీ మూలిగి మళ్లీ టక్. కంప్రెసర్ స్టార్ట్ అవ్వబోయి అవ్వలేక, ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్ దాన్ని ఆపేస్తోందన్నమాట. వెంటనే ప్లగ్ పీకేయండి. ఇందులోనూ తప్పు కంప్రెసర్‌దే కానక్కర్లేదు, వోల్టేజీ తక్కువైనా, దాన్ని స్టార్ట్ చేయడానికి పక్కనుండే రిలే పోయినా ఇంతే. మెకానిక్‌ని రిలే ఊడదీసి మీ ముందు చెవి దగ్గర ఊపి చూపించమనండి. లోపల ముక్కలు గలగలమంటే అది విరిగిపోయింది, మారిస్తే చాలు. మీరు మాత్రం ఆ చోట చెయ్యి పెట్టకండి. కరెంటు దాచుకునే కెపాసిటర్ ఉంటే ప్లగ్ పీకినా షాక్ కొట్టొచ్చు.

బుడబుడమనడం గ్యాస్ పారే చప్పుడు. ఫెళ్లుమనడం చలికీ వేడికీ ప్లాస్టిక్ సర్దుకోవడం. అప్పుడప్పుడూ సుయ్‌మంటే వేడి హీటర్ మీద నీటిచుక్క పడిందన్నమాట. వీటి జోలికి పోకండి.

9,000 విషయం. చాలా కంపెనీలు కంప్రెసర్ ఒక్కదానికే విడిగా 10 ఏళ్ల వారంటీ ఇస్తాయి, మీదింకా ఆరేళ్లే. నిజంగా కంప్రెసర్ పోయినా ఆ వస్తువుకి మీరు డబ్బు కట్టాల్సిన పని ఉండకపోవచ్చు, గ్యాసుకీ కూలికీ మాత్రం అడుగుతారు. వారంటీ కార్డు కనపడకపోతే బిల్లు వెతకండి. ఫ్రిజ్ లోపలి గోడ మీదో, వెనకో మోడల్, సీరియల్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. దాన్ని ఫోటో తీసి పెట్టుకుని కంపెనీ సర్వీసుకే ఫోన్ చేసి అడగండి. బయటివాళ్ల చేత కంప్రెసర్ విప్పించేముందే చేయండి, తర్వాత చేస్తే వారంటీ పోయిందంటారు.